మిద్దె తోటలో వసంతకాలం: సంక్రాంతి నుంచి రోహిణి కార్తె దాకా కూరగాయలు, పూలు పెంచే పద్ధతి

"ఉగాదికి కొత్త విత్తనాలు వేద్దామనుకుంటున్నాం, ఏవి బాగుంటాయి?" అని ఏటా చాలామంది అడుగుతారు. ఉగాదికి వేస్తే ఆకుకూరలు తప్ప పెద్దగా ఏమీ చేతికి రావు. మన దగ్గర వసంతమంటే తీరిగ్గా మొదలుపెట్టే కాలం కాదు. ఎండ ముదిరేలోపు మొక్క వేరు దింపుకోవాలి, పందిరి ఎక్కాలి, పూతకు రావాలి. కింద చెప్పిన వరసంతా ఆ లెక్క ప్రకారం పెట్టిందే. మిద్దె మీద కుండీల్లో, గ్రోబ్యాగుల్లో పెంచేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. పెరటి నేల ఉన్నవాళ్లకు బరువు, బ్యాగుల సంగతి తప్ప మిగతాదంతా వర్తిస్తుంది.

1. ముందు తేదీలు కుదుర్చుకోండి

పండగలు ఏటా కొన్ని రోజులు ముందూ వెనకా అవుతాయి కాబట్టి నెలలు కూడా రాస్తున్నాను.

సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా (జనవరి మధ్య నుంచి నెలాఖరు): మట్టి కలపడం, వంగ, మిరప నారు పోయడం, మల్లె కత్తిరింపు, బంతి విత్తనాలు వేయడం.

రథసప్తమి నుంచి శివరాత్రి దాకా (ఫిబ్రవరి అంతా): అసలు విత్తే కాలం ఇదే. బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర, పొట్ల, దోస, అలసంద.

శివరాత్రి నుంచి ఉగాది దాకా (మార్చి): తోటకూర, గోంగూర, బచ్చలి, రెండో విడత బెండ, జీనియా, నాచుపూలు.

కోస్తాలో చలి తక్కువ, కాబట్టి బీర, బెండ సంక్రాంతి దాటగానే వేసేయొచ్చు. ఆదిలాబాద్, మెదక్ వైపు రాత్రుళ్లు ఇంకా వణికిస్తుంటే తొందరపడకండి. చల్లని తడిమట్టిలో బెండ గింజ, కాకర గింజ మొలవకుండానే కుళ్లిపోతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు గానీ, అప్పటిదాకా ఆగితే మాత్రం తీగజాతులకు ఆలస్యమే.

టమాటా సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఫిబ్రవరిలో టమాటా విత్తనం వేయకండి. మొక్క పూతకొచ్చేసరికి ఏప్రిల్ నెల, 38 డిగ్రీల ఎండ. పగలు అంత వేడి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి పనిచేయదు, పూత రాలుతుంది. ఏ మందు కొట్టినా నిలవదు. కార్తీకంలో వేసిన మొక్కలుంటే వాటినే కాపాడుకోండి.

2. చోటు, బరువు, నీళ్లు చూసుకోండి

40 లీటర్ల బ్యాగులో మట్టి తడిస్తే 50 కిలోలకు అటూఇటూ తూగుతుంది. అందుకే పెద్ద బ్యాగులు, డ్రమ్ములు దూలాల మీదుగా, పిట్టగోడ పక్కన మాత్రమే పెట్టాలి. మిద్దె మధ్యలో ఆకుకూరల ట్రేల్లాంటి తేలికవి చాలు. పాత ఇల్లయితే ముందు మేస్త్రీకి గానీ ఇంజనీరుకి గానీ చూపించండి.

బ్యాగును నేరుగా గచ్చు మీద ఆనించకండి. ఏప్రిల్ మధ్యాహ్నం గచ్చు కాలితే అడుగు వేళ్లు ఉడికిపోతాయి. ఇటుకలో, స్టాండో వేసి మూడు నాలుగు అంగుళాలు ఎత్తులో పెట్టండి. నీరు కారే దారి, స్లాబు తడి ఆరే దారి కూడా అదే.

ఏ మొక్కకు ఎంత మట్టి కావాలంటే:

- తోటకూర, మెంతి, గోంగూర: 6 నుంచి 8 అంగుళాల లోతు ట్రే
- బెండ, వంగ, మిరప, గోరుచిక్కుడు: 15–20 లీటర్లు (పెయింట్ బకెట్ సరిపోతుంది)
- బీర, కాకర, దోస, పొట్ల: 30–40 లీటర్లు
- సొర, గుమ్మడి: సగానికి కోసిన 200 లీటర్ల డ్రమ్ము

వేసవిలో చిన్న కుండీ కంటే పెద్ద కుండీయే తేలిక. చిన్నది పొద్దున పోసిన నీటిని మధ్యాహ్నానికే ఆవిరి చేసేస్తుంది. పది చిన్న కుండీల బదులు నాలుగు పెద్ద బ్యాగులు పెట్టండి.

3. పాత పంట తీసేయండి

రథసప్తమికి చిక్కుడాకులు, కాయలు కోసుకున్నాక చిక్కుడు పాదు దాదాపు ముగిసినట్టే. పేనుబంక కూడా అప్పటికి బాగా పట్టి ఉంటుంది. నాలుగు కాయలు విత్తనానికి ఎండబెట్టుకుని పాదు తీసేయండి.

మొక్క పీకినప్పుడు వేళ్లు చూడండి. వేరే ఉబ్బి, గోకినా ఊడని బుడిపెలు కనిపిస్తే నులిపురుగులున్నట్టు (చిక్కుడుజాతి వేళ్లకు పక్కన అంటుకుని, గోకితే తేలిగ్గా ఊడొచ్చే చిన్న బుడిపెలు మాత్రం నత్రజనిని అందించే మంచివే). ఆ మట్టిలో బెండ, వంగ, టమాటా, తీగజాతులు వేయొద్దు. మట్టిని పక్కన పోసి, మేలో తడిపి, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు కప్పి నాలుగైదు వారాలు ఎండలో ఉంచితే మళ్లీ వాడుకోవచ్చు. వేళ్లు శుభ్రంగా ఉంటే మట్టిని పరిచి, ఉండలు చిదిమి, వారం రోజులు ఎండనిస్తే చాలు.

4. మట్టి కలపండి

అందరూ తమ తమ పాళ్లు చెబుతారు. నాకు కుదిరిన లెక్క ఇది: ఎర్రమట్టి 4 వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు 3 వంతులు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) 2 వంతులు, వరిపొట్టు లేదా ముతక ఇసుక 1 వంతు. 20 లీటర్ల మిశ్రమానికి 100 గ్రాముల వేపపిండి.

కోకోపీట్ దిమ్మెను నానబెట్టాక ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. దానిలో ఉప్పు ఉంటుంది. కడగకుండా వాడితే లేత మొక్కల ఆకుల అంచులు మాడతాయి. అసలే బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఊళ్లలో దీన్ని అశ్రద్ధ చేస్తే కష్టం.

ఎరువు మాగిందో లేదో చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. చల్లగా, పొడిపొడిగా, మట్టివాసన వస్తే మాగినట్టు. వెచ్చగా ఉన్నా, పేడ వాసన వచ్చినా వాడకండి. అది కుండీలో వేడెక్కి వేళ్లను కాలుస్తుంది, వేరుపురుగు కూడా దానితోనే వస్తుంది.

ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్లను అణిచే మేలుచేసే శిలీంద్రం) పొడి దొరికితే 10 కిలోల ఎరువుకు 200 గ్రాములు కలిపి, తడి చల్లి, గోనెసంచి కప్పి పది పదిహేను రోజులు నీడలో ఉంచండి. దాన్ని మట్టిలో కలిపితే నారుకుళ్లు, వేరుకుళ్లు బాగా తగ్గుతాయి.

కలిపిన మట్టిని బ్యాగుల్లో నింపి, తడిపి, వారం పాటు ఊరికే ఉంచండి. ఆ వారంలో వేపపిండి వేడి చల్లారుతుంది, మట్టి కిందికి దిగుతుంది. పైన రెండంగుళాలు ఖాళీ వదలండి.

విత్తే ముందు సరిచూసుకోండి:

☐ ప్రతి బ్యాగుకూ అడుగున నీరు కారే రంధ్రాలున్నాయి
☐ తడిపితే నీరు పైన నిలవకుండా ఇంకుతోంది
☐ పిడికిట్లో పట్టిన మట్టి ముద్దయి, వేలితో తాకితే విడిపోతోంది
☐ పందిరి గుంజలు సిద్ధంగా ఉన్నాయి

5. విత్తండి

సంకరజాతి విత్తనమైతే ఎండుగింజ వచ్చే ఏడాదికి అదే రకం ఇవ్వదు. విత్తనం దాచుకోవాలనుకుంటే నాటు రకాలో, సూటి రకాలో (సంకరం కానివి) తీసుకోండి. బెండలో అర్క అనామిక, గోరుచిక్కుడులో పూసా నవబహార్, వంగలో భాగ్యమతి ఇలాంటి సూటి రకాలే.

వంగ, మిరప: ట్రేలో నారు పోసి, నాలుగైదు ఆకులు వచ్చాక సాయంత్రం పూట నాటండి. నాటిన మూడు నాలుగు రోజులు నీడ పట్టాలి.

బెండ: రాత్రంతా నానబెట్టి, అర అంగుళం లోతున నేరుగా విత్తండి. పీకి నాటితే సరిగా కోలుకోదు. నలుగురున్న ఇంటికి పన్నెండు పదిహేను మొక్కలైనా ఉండాలి. నాలుగు మొక్కలు పెడితే ఒక్కోరోజు మూడు కాయలొస్తాయి, కూరకు చాలవు, ఫ్రిజ్‌లో ముదిరిపోతాయి.

కాకర, పొట్ల, సొర: పెంకు గట్టిది. కాకర గింజ మొనను గోళ్లు తీసే కత్తెరతో కొద్దిగా చిదిపి, ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో చుట్టి వెచ్చని చోట ఉంచండి. తెల్ల మొలక కనబడగానే, మొలక కిందికి ఉండేలా పెట్టండి. బ్యాగుకు రెండు గింజలు వేసి, బలమైనదాన్ని ఉంచి రెండోది మొదట్లో కత్తిరించండి. పీకితే ఉంచినదాని వేళ్లు కదులుతాయి. ఆ రెండో మొక్కను తీసేయడానికి చాలామందికి మనసొప్పదు, చివరికి రెండూ బక్కగా తయారవుతాయి.

తోటకూర: సన్నగింజ కాబట్టి ఇసుకలో కలిపి చల్లండి. చీమలు ఎత్తుకుపోతుంటే ట్రే చుట్టూ కాస్త బియ్యపురవ్వ చల్లండి, దాని వెంట పడతాయి. 25–30 రోజుల్లో కోతకు వస్తుంది. పది రోజులకొక ట్రే చొప్పున వేస్తే తెంపు ఉండదు.

పాలకూర, కొత్తిమీర మార్చి తర్వాత నీడవల లేకుండా వేయొద్దు. ఆకు పట్టకముందే పూతకు పోతాయి.

6. పందిరి ముందే వేయండి

తీగ చేతికి తగిలాక పందిరి గురించి ఆలోచిస్తే తీగ నలుగుతుంది. విత్తిన వారంలోపే గుంజలు కట్టేయండి. మిద్దె మీద గాలి ఎక్కువ. మార్చి, ఏప్రిల్‌లో ఉన్నట్టుండి వచ్చే గాలివానకు కాయలతో నిండిన పందిరి తెరచాపలా లేచిపోతుంది. గుంజల్ని పిట్టగోడ కొక్కేలకు గానీ, సిమెంటు పోసిన డబ్బాలకు గానీ బిగించండి.

సొరకు ఆరేడు అడుగుల ఎత్తున అడ్డపందిరి కావాలి. బీర, కాకర, దోసలకు నిలువు వల సరిపోతుంది. ఆ వలను పడమటి వైపు కడితే మధ్యాహ్నపు ఎండ నుంచి మిరప, ఆకుకూరలకు అదే నీడ అవుతుంది.

7. మల్లె, మిగతా పూలు

ఎక్కువమంది అడిగేది మల్లె గురించే: ఆకు గుబురుగా ఉంది, పూలు లేవని. మల్లె మొగ్గ కొత్త చిగురు కొసన వస్తుంది. కత్తిరించకపోతే కొత్త చిగురు తక్కువ, మొగ్గా తక్కువే.

1) జనవరిలో కుండీకి నీళ్లు తగ్గించండి. వారం పది రోజులు మట్టి పైపొర బాగా ఆరనివ్వాలి. పూర్తిగా ఎండగట్టొద్దు.
2) ఎండుకొమ్మలు, సన్నపుల్లలు మొదటికి తీసేయండి. మిగతావి మూడోవంతు కత్తిరించి, ఆకు దూసేయండి.
3) పైమట్టి రెండంగుళాలు గుల్ల చేసి, రెండు దోసిళ్ల మాగిన ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నిండుగా నీళ్లు పెట్టండి.
4) రోజంతా ఎండ తగిలే చోటికి జరపండి.
5) ఒక విడత పూలు అయిపోగానే ఆ కొమ్మ కొసను రెండు జతల ఆకుల కిందికి తుంచండి. మళ్లీ చిగురేసి మొగ్గ తొడుగుతుంది.

ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), కాసిని నిమ్మరసం చుక్కలు కలిపి సాయంత్రం వారానికోసారి, రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి, చిన్న రంధ్రంతో రాలిపోతుంటే మొగ్గతొలుచు పురుగు. రాలిన మొగ్గల్ని కుండీలో వదలకుండా ఏరి పారేయాలి. వేపనూనె మొగ్గ తొడిగే దశ నుంచే మొదలుపెట్టాలి.

సంక్రాంతికి వేసిన బంతి ఉగాది తోరణానికి అందుతుంది. మొక్క జానెడు ఉన్నప్పుడు తల తుంచితే పక్కకొమ్మలు వేస్తుంది. ఎండల్లో బంతికి ఎర్రనల్లి పడుతుంది కాబట్టి ఏప్రిల్ తర్వాత దాని మీద ఆశ పెట్టుకోకుండా జీనియా, నాచుపూలు, బిళ్లగన్నేరు, శంఖుపుష్పం వైపు మళ్లండి. ఇవి మే ఎండకు కూడా పూస్తాయి. కనకాంబరానికి మధ్యాహ్నం నీడ కావాలి.

చామంతి పూత అయిపోయాక మొక్కను పారేయకండి. నాలుగంగుళాలు ఉంచి కోసి, కుండీని నీడలోకి జరిపి, పిలకల్ని వేసవి దాటించండి. గులాబీని ఇప్పుడు గట్టిగా కత్తిరించవద్దు, వాడిన పూలు మాత్రం తీస్తూ ఉండండి.

8. నీళ్లు, మల్చింగు, నీడ

వేసవిలో చచ్చిపోయే మొక్కల్లో నీళ్లు లేక పోయేవి ఎన్నో, నీళ్లు ఎక్కువై పోయేవీ అన్నే. మధ్యాహ్నం రెండింటికి బీర ఆకు వేలాడుతుంది, మనం కంగారుపడి నీళ్లు పోస్తాం. మట్టి తడిగా ఉంటే అది దాహం కాదు. ఎండకు ఆకు నీటిని వదులుతున్నంత వేగంగా వేరు అందించలేకపోతోందంతే, సాయంత్రానికి తేరుకుంటుంది. పొద్దున ఏడింటికి కూడా వాడి ఉంటే అప్పుడు వేలు దించి చూడండి. రెండంగుళాల లోతున పొడిగా ఉంటే నీళ్లు పోయాలి. తడిగా ఉండి కూడా వాడిపోతే వేరుకుళ్లు, రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి.

ఫిబ్రవరిలో రోజు విడిచి రోజు, మార్చి మధ్య నుంచి రోజూ పొద్దున, ఏప్రిల్ నుంచి పెద్ద తీగలకు సాయంత్రం కూడా. బ్యాగు అడుగు నుంచి నాలుగు చుక్కలు కారేదాకా పోయాలి. పైపైన చిలకరిస్తే వేళ్లు పైకే వస్తాయి, పైనే మాడతాయి.

ఎండలో పడున్న గొట్టంలో నీళ్లు కాగి ఉంటాయి. ముందు వచ్చే నీటిని బకెట్లో పట్టి, చల్లబడ్డాకే మొక్కలకు పెట్టండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం అసలు వాడొద్దు.

మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు, చెరుకు పిప్పి, కొబ్బరి పీచు ఏది ఉంటే అది పరచండి, మల్చింగంటే ఇదే. మొదలుకు ఆనకుండా వేలెడు ఖాళీ ఉంచాలి.

నీడవల 50 శాతంది ఆకుకూరలకు, నారుకు, కనకాంబరానికి. బెండకు, తీగలకు అది కడితే పూత తగ్గుతుంది. వాటికి పడమటి వైపు అడ్డుతెర చాలు. వలను మొక్కల మీద పరచకుండా ఏడడుగుల ఎత్తున కట్టండి, కింద గాలి ఆడాలి.

9. ఎరువు ఎప్పుడు, ఎంత

కుండీలో సారం నీళ్లతో పాటు కారిపోతుంది. విత్తిన నెల నుంచి పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు మొదలుకు దూరంగా, అంచు వెంబడి వేసి మట్టి కప్పండి.

జీవామృతం ఇంటి కొలత: 20 లీటర్ల నీళ్లు, కిలో ఆవుపేడ, లీటరు గోమూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. నీడలో ఉంచి, రోజూ రెండుపూటలా కలిపి, 48 గంటల తర్వాత పదింతల నీళ్లతో మొదట్లో పోయండి. వారంలోపు వాడేయాలి. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్లయితే ఒకరోజు బకెట్లో ఉంచాకే కలపండి.

అరటితొక్కల నీళ్లు, బియ్యం కడుగు, ఉల్లిపొట్టు కషాయం వల్ల పెద్ద నష్టం లేదు. అవి మాత్రమే పోసి కాపు రాలేదనుకుంటే లాభం లేదు. తొక్కల్ని కంపోస్టు డబ్బాలో వేయండి.

10. తీగలకు పిందె నిలబడాలంటే

బీర, సొర, కాకరకు మొదట పది పదిహేను రోజులు మగపూలే వస్తాయి. కంగారు పడక్కర్లేదు. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ ఒక్కసారి పిచికారీ చేస్తే ఆడపూల శాతం పెరుగుతుంది. ఆ దశ దాటాక కొట్టి ఉపయోగం లేదు.

ఆడపూవు కింద చిట్టి కాయ ఉంటుంది, మగపూవుకు సన్నకాడ మాత్రమే. మిద్దె ఎత్తుకు తేనెటీగలు తక్కువగా వస్తే మీరే పరాగం పూయాలి. అక్కడ వేళ తప్పుతుంటారు. కాకర, దోస, గుమ్మడి పూలు పొద్దున విచ్చుకుంటాయి. బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున్నే వెళ్లి నిన్నటి వాడిన బీరపువ్వును ఎంత రుద్దినా పిందె నిలవదు. సాయంత్రం, దీపాల వేళకు వెళ్లండి. తాజా మగపూవు కోసి, రేకులు తీసి, ఆడపూవు మధ్యలో మెల్లగా అద్దండి.

పిందె పసుపుపచ్చగా మారి ముడుచుకుపోతే పరాగం అందలేదు. పిందె మీద సూదిపోటు, జిగురు, వంకర ఉంటే పండుఈగ పని. పూత మొదలవగానే క్యూలూర్ ఎర (మగ పండుఈగల్ని ఆకర్షించి పట్టేది) ఒకటి పందిరికి కట్టండి, పిందె నిలిచాక సన్నబట్ట సంచి తొడగండి. కుట్టిన కాయల్ని కంపోస్టులో వేయకుండా ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడేయాలి.

11. చీడపీడలు: ముందు ఆకు తిప్పి చూడండి

మిరప ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుని, కాడ సాగితే తెల్లనల్లి. రెండింటికీ మందు వేరు. మొదటిదానికి నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె. రెండోదానికి లీటరుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం.

ఈ గంధకాన్ని బీర, దోస, కాకర లాంటి తీగజాతుల మీద కొట్టకండి, ఆకులు మాడిపోతాయి. మిరపకైనా ఎండ వేళ వద్దు, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపూ వద్దు.

బెండ ఆకు ఈనెలు పసుపు వలలా మారితే పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ అది, నయం కాదు. ఆ మొక్క పీకేసి, పసుపురంగు జిగురు అట్టలు కట్టండి. ఆకు వెలిసిపోయి అడుగున సన్న గూడు కనిపిస్తే ఎర్రనల్లి. పొద్దున నీటిధారతో ఆకు అడుగు గట్టిగా కడిగితే చాలావరకు పోతుంది.

మందారం మీద తెల్లటి పిండినల్లి కనబడితే ముందు చీమల్ని చూడండి. వాటిని అటూఇటూ మోసేది చీమలే. పట్టిన కొమ్మ కోసేసి, సబ్బునీళ్లలో ముంచిన బ్రష్షుతో రుద్దండి.

వేపనూనె 1500 పీపీఎంది లీటరుకు 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బుద్రావణంతో చిలికి, సూర్యాస్తమయం తర్వాత కొట్టాలి. పగలు కొడితే ఆకు వేగిపోతుంది.

12. కోత, ఆపైన విత్తనం

బెండ విత్తిన 45 రోజులకు, దోస 50కి, బీర, కాకర 55–60 రోజులకు మొదటి కోతకు వస్తాయి. బెండ, గోరుచిక్కుడు రోజు విడిచి రోజు కోయాల్సిందే. ఒక్క కాయ ముదిరినా మొక్క కొత్త పూత తగ్గించుకుంటుంది.

ఊరికి వెళ్లాల్సి వస్తే లేతవైనా సరే అన్నీ కోసి వెళ్లండి. బ్యాగుల్ని పడమటి గోడ నీడకు చేర్చి, మల్చింగు మందం పెంచి, డ్రిప్పు టైమరు పెట్టండి. టైమరు పెట్టినా రెండు రోజులు ముందే నడిపి చూసుకోవాలి.

విత్తనానికి వదిలే కాయను మే మొదటివారంలో, కాపు తగ్గుముఖం పట్టాకే ఎంచండి. తెగులు లేని మొక్క మీది కాయకు దారం కట్టి గుర్తుపెట్టండి. బీర తీగ మీదే ఎండి, ఊపితే గింజ గలగలమనాలి. బెండకాయ పగుళ్లు కనబడగానే కోయాలి, లేకపోతే గింజ రాలిపోతుంది. గింజల్ని నీడలో ఆరబెట్టి, కాస్త బూడిద కలిపి, రకం పేరు, నెల రాసిన సీసాలో వేయండి. రోహిణి కార్తె ఎండలకు ముందే బీర, దోస పాదులు తీసేసి, ఖాళీ బ్యాగుల మట్టిని ఆ ఎండకే వదలండి. మృగశిర చినుకులు పడ్డాక చిక్కుడు, పొట్ల వేయడానికి ఆ మట్టే పనికొస్తుంది.